సామాన్యుడి సాక్ష్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి

అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో యూఎఫ్‌ఓ (ఆకాశంలో కనిపించే గుర్తు తెలియని వస్తువుల) కేసులు చూసే ఏఏఆర్‌ఓ అనే విభాగం డైరెక్టర్ గారికి నమస్కారం.

ఈ కథంతా మొదలైందే ఒక మామూలు పైలట్‌తో అండి, 1947 జూన్ 24న అమెరికాలోని రెయినియర్ పర్వతం దగ్గర కెన్నెత్ ఆర్నాల్డ్ 9 ఎగిరే వస్తువులు చూశానని చెప్తే మిలిటరీ వాళ్లు వెళ్లి ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడారు. తర్వాత ఇలాంటి కేసుల మీద ఎయిర్‌ఫోర్స్ నడిపిన విచారణ, ప్రాజెక్ట్ బ్లూ బుక్, 1969లో మూతపడే నాటికి ఫైళ్లలో 12,618 కేసులు ఉంటే 701 తేలకుండానే మిగిలిపోయాయి. అంటే మిగతావి చాలావరకు తేలినట్టే కదా, అదేం చిన్న పని కాదు.

కానీ 1966లో మిషిగన్‌లో ఏమైంది? జనం లైట్లు చూశామంటే ఎయిర్‌ఫోర్స్ సలహాదారు హైనెక్ అది చిత్తడి నేలల గ్యాస్ అయ్యుండొచ్చని ప్రెస్ ముందు చెప్పేశారు, చూసినవాళ్లు నవ్వులపాలయ్యారు, చివరికి అక్కడి ప్రతినిధి, తర్వాత అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ కాంగ్రెస్‌లో విచారణ అడగాల్సి వచ్చింది. నాకైతే అక్కడే నమ్మకం పోయిందనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నా, ఎవరైనా సామాన్యుడు రిపోర్ట్ ఇస్తే ముందు అతని మానసిక స్థితి గురించి కాదు, టైమ్, దిక్కు, ఆకాశంలో ఎంత ఎత్తులో కనిపించింది, అవి రాసుకోండి. రాడార్ రికార్డులు చెరిగిపోకముందే తెప్పించండి, ఆ టైమ్‌లో స్టార్‌లింక్ శాటిలైట్లు, బెలూన్లు వెళ్లాయేమో చూడండి. శుక్రగ్రహం అని తేలినా పర్లేదు, ఎలా తేలిందో ఆ మనిషికి రాతపూర్వకంగా చెప్పండి. తేలకపోతే తేలలేదనే రాయండి, దయచేసి ఏదో ఒక కారణం అంటించి ఫైల్ మూసేయొద్దు.