బూడిద బుధవారం: పాత మట్టలు ఆదివారమే తెండి

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

2026 ఫిబ్రవరి 18, బుధవారం సాయంత్రం 6:30కి మన సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) గుడిలో బూడిద బుధవారం ఆరాధన. ఆ రోజుతో శ్రమల కాలం, అంటే ఈస్టర్‌కు ముందు పశ్చాత్తాప దినాలు మొదలు. ఏప్రిల్ 5 ఈస్టర్. మధ్యలో ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. 1947లో సి.ఎస్.ఐ.లో కలిసిన ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘ సంప్రదాయపు) పెద్దలు పాటించిన లెక్క కూడా ఇదే.

పోయిన ఏడాది మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) ఇంటికి తీసుకెళ్లిన మట్టలు క్యాలెండర్ వెనకో, బీరువా మీదో ఉంటాయి, వెతకండి. 15వ తేదీ ఆదివారం తప్పక తెండి. ఆరాధన అయ్యాక యూత్ పిల్లలు వాటిని ఆవరణలో కాల్చి, బూడిద మెత్తగా జల్లించి, నూనె చుక్క కలుపుతారు. దాంతోనే అయ్యగారు నుదుట సిలువ గుర్తు వేస్తారు. హోసన్నా అంటూ ఊపిన మట్టలే పశ్చాత్తాపానికి గుర్తు కావడం నన్ను ఏటా కదిలిస్తుంది.

51వ కీర్తన అందరం కలిసి చదువుతాం, బైబిల్ మరవొద్దు.
బల్ల మీద ఊదా గుడ్డ: స్త్రీల మైత్రి వారు.
క్వయర్ వారు: ఈస్టర్ దాకా హల్లెలూయ పాటలు ఆపుదాం. ఆ ఉదయం గొంతెత్తి పాడుకుందాం!

ఎవరితోనైనా మాటలు లేకపోతే బుధవారంలోపే ఫోన్ చేయండి. చాలాకాలంగా గుడికి రానివారిని వెంటబెట్టుకు రండి. ఎందుకు రాలేదని అడగకండి, పక్కన కూర్చోబెట్టుకోండి చాలు.

మంచాన ఉన్న పెద్దల పేర్లు మంగళవారానికల్లా నాకు పంపండి. గురువారం అయ్యగారు ఇళ్లకు వస్తారు.

– సంఘ కార్యదర్శి