చిరాకు వెనుక ఆకలి ఉందేమో చూడండి: తల్లిదండ్రులకు జనవరి లేఖ

తల్లిదండ్రులకు, పొద్దున్నే లేచి పిల్లలను బడికి తయారుచేసి పంపుతున్న అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు నడుస్తున్నాయి. ఈ నెల లేఖలో సిలబస్ గురించో మార్కుల గురించో రాస్తానని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. నేను మాత్రం తిండి గురించి రాస్తున్నాను.

ఉపాధ్యాయుల సమావేశాల్లో పిల్లల గురించి మాట్లాడుకునేటప్పుడు కొన్ని మాటలు పదే పదే వినిపిస్తాయి. ఒకరు మందకొడి, ఒకరు ఊరికే కోపం తెచ్చుకుంటారు, ఇంకొకరికి ధ్యాస నిలవదు. అలాంటి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున ఏం తిన్నావని అడిగితే, టీ తాగాను, రెండు బిస్కెట్లు తిన్నాను అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. కొందరు జవాబు చెప్పకుండా తల వంచుకుంటారు. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్న పిల్ల మళ్లీ కడుపునిండా తినేది బడిలో మధ్యాహ్న భోజనం గంట కొట్టాకే అయితే, మధ్యలో దాదాపు పదహారు గంటలు గడుస్తాయి. మనం ఆ పిల్లకు బీజగణితం చెబుతున్నది ఆ పదహారు గంటల చివరి భాగంలో.

పెద్దవాళ్ల శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో మాత్రం ఐదో వంతు దానికే పోతుంది. ఎదిగే పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. మెదడుకు తనదంటూ చెప్పుకోదగ్గ నిల్వ లేదు, రక్తంలో వచ్చే గ్లూకోజు మీదే నడుస్తుంది. తిండి ఆలస్యమయ్యేకొద్దీ శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లను పంపి కాలేయంలో దాచుకున్న చక్కెరను బయటికి తీయిస్తుంది. భయం వేసినప్పుడు, ఎవరితోనైనా తగువు పడినప్పుడు విడుదలయ్యేవీ ఈ హార్మోన్లే. అందుకే ఆకలిగా ఉన్న పిల్లవాడు పక్కవాడి మోచెయ్యి తగిలినా ఊరుకోడు. అది వాడి స్వభావమని మనం తొందరపడి తేల్చేయకూడదు.

పొద్దున ఏం పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. బాదం, వాల్‌నట్, ఖరీదైన పొడులు పెడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందంటూ ఫోన్లలో తిరిగే సందేశాలు చూసి, అవి కొనలేకపోతున్నామని బాధపడే తల్లులు ఉన్నారు. ఆ బాధ అక్కర్లేదమ్మా. ఇడ్లీ, పెసరట్టు, పప్పు వేసిన ఉప్మా, రాత్రి అన్నంలో పెరుగు కలిపిన చద్దన్నం, రాగి జావ, కోడిగుడ్డు, గుప్పెడు వేయించిన పల్లీలు, వీటిలో మీ ఇంట్లో ఏది కుదిరితే అది. 100 గ్రాముల పల్లీల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పిండిపదార్థంతో పాటు పప్పో, గుడ్డో, పెరుగో చేరితే ఆహారం మెల్లగా అరుగుతుంది, శక్తి మధ్యాహ్నం దాకా అందుతుంది. టీ, బిస్కెట్లతో గంట గడిచేసరికి మళ్లీ నీరసం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తున్న సంగతికి వస్తాను. అది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మన తొమ్మిది, పది తరగతుల గదుల్లో కూర్చున్న అమ్మాయిలను ఒకసారి తలచుకోండి. రక్తహీనతకు ప్రధాన కారణాల్లో ఒకటి ఇనుము లోపం. ఇనుము తగ్గితే హిమోగ్లోబిన్ తగ్గుతుంది, కండరాలకూ మెదడుకూ ప్రాణవాయువు చాలినంత అందదు. డోపమిన్, సెరొటోనిన్ వంటి రసాయనాలను మెదడు తయారుచేసుకోవడానికి కూడా ఇనుము కావాలి. ఉత్సాహం, ఏకాగ్రత, మనసు కుదురుగా ఉండడం వీటితో ముడిపడిన విషయాలు. అందుకే ఇనుము లోపించిన పిల్లల్లో అలసటతో పాటు చిరాకు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చదివింది గుర్తుండకపోవడం కనిపిస్తాయి. మనం దానికి బద్ధకం అని పేరు పెడతాం.

కొన్ని గుర్తులు మీరే ఇంట్లో చూడవచ్చు. కింది కనురెప్ప లోపలివైపు ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉండడం, రెండు మెట్లెక్కితే ఆయాసం, తరచూ తలనొప్పి, బలపాలు, సుద్దముక్కలు, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపించడం. బలపం తింటున్న పిల్లను దయచేసి కొట్టకండి, పదిమందిలో వెక్కిరించకండి. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు.

రక్తం పట్టాలంటే బీట్‌రూట్, దానిమ్మ తినాలని మనలో గట్టి నమ్మకం. రంగు ఎరుపు కావడమే తప్ప బీట్‌రూట్‌లో ఇనుము చాలా తక్కువ. తోటకూరలో దానికి కొన్ని రెట్లు ఉంటుంది. అయితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును మన పేగులు అంత సులువుగా గ్రహించవు. పప్పులో నిమ్మకాయ పిండినా, భోజనంతో పాటు ఉసిరికాయో జామకాయో తిన్నా వాటిలోని సి విటమిన్ ఆ పనిని తేలిక చేస్తుంది. భోజనం కాగానే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంటసేపు ఆగండి. మాంసం, కాలేయం, చేపలు తినే ఇళ్లలో వాటినుంచి వచ్చే ఇనుము బాగా ఒంటపడుతుంది. ఆ కూర వండినప్పుడు ముక్కలన్నీ మగపిల్లల కంచాల్లోకే వెళ్తున్నాయేమో గమనించండి. నెలనెలా రక్తం పోయేది ఆడపిల్లకు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే అలవాటు అమ్మది, అమ్మను చూసి కూతురిది. ఈ ఒక్క అలవాటు మారితే చాలా మందుల కంటే మేలు జరుగుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్ర గురించి కూడా భయాలున్నాయి. అందులో ఉండేవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం. కొందరికి కాస్త వికారంగా ఉంటుంది, మలం నల్లగా వస్తుంది. అది ప్రమాదం కాదు. భోజనం చేశాకే వేస్తున్నాం కాబట్టి వికారం తగ్గుతుంది. ఆ ఫోలిక్ ఆమ్లం వెనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి శ్రమ ఉంది. పేగులు పోషకాలను గ్రహించలేక మనిషి క్షీణించిపోయే స్ప్రూ వ్యాధితో ఆయన సోదరులు చనిపోయారు, ఆయనా దాని బారిన పడి కోలుకున్నారు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మన పిల్లలు ఆ మాత్రను కిటికీలోంచి పారేస్తుంటే నాకు ఆయన గుర్తొస్తారు.

తిండికీ మనసుకూ సంబంధం ఉందంటే కొత్తగా వచ్చిన మాటలా అనిపిస్తుంది కానీ, మన నేల మీదే దానికి పెద్ద రుజువు ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల జొన్న తప్ప మరొకటి కొనుక్కోలేని పేద కుటుంబాల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు పట్టుకునేవి, వాటితో పాటు నిద్ర పట్టకపోవడం, దిగులు, ముదిరితే మతిస్తిమితం తప్పడం. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పిలుస్తున్న హైదరాబాద్ పరిశోధనశాలలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య గార్లు దీన్ని పరిశోధించి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉండవచ్చని 1960లో ప్రకటించారు. బి విటమిన్లలో ఒకటైన నియాసిన్ అందితే రోగుల చర్మమే కాదు, మనసు కూడా కుదుటపడేది. ఇది చదివి జొన్నరొట్టె మానేయకండి. జొన్నది తప్పు కాదు, దాని పక్కన పప్పు, పాలు, గుడ్డు, మాంసం ఏవీ లేని పేదరికానిది తప్పు. పప్పుతో, కూరతో తింటే జొన్న మంచి ఆహారం.

ఆహారం మారిస్తే దిగులు తగ్గుతుందా అని ఆస్ట్రేలియాలో ఒక పరిశోధన చేశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన దిగులుతో బాధపడుతున్న 67 మంది పెద్దవాళ్లలో కొందరికి 12 వారాలపాటు పోషకాహార నిపుణుల సాయంతో కూరగాయలు, పప్పులు, పండ్లు, చేపలు, ముడి ధాన్యాలు ఉండే ఆహారం అలవాటు చేశారు, మిగతావారికి తోడుగా కూర్చుని మాట్లాడే మనిషిని ఇచ్చారు. ఆహారం మార్చుకున్నవారిలో దాదాపు మూడో వంతు మంది దిగులు నుంచి బయటపడ్డారు, రెండో గుంపులో 8 శాతం మంది. ఇది చిన్న పరిశోధన. పైగా వారిలో చాలామంది అప్పటికే చికిత్సలో ఉన్నారు. కాబట్టి మందులు మానేసి కూరగాయలు తినమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. చికిత్సకు ఆహారం తోడవుతుంది, అంతవరకే.

చక్కెర గురించి ఒక మాట. తీపి తింటే పిల్లలు అల్లరి చేస్తారని మనం అనుకుంటాం. జాగ్రత్తగా చేసిన పరిశోధనల్లో అది నిలబడలేదు. చక్కెరతో నష్టం వేరేచోట ఉంది. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజంతటికీ 20 నుంచి 25 గ్రాములు దాటవద్దని 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సీసా, దానితో ఐదు రూపాయల చిప్స్ పొట్లం కడుపు నింపేస్తే అన్నం, పప్పు, కూర లోపలికి వెళ్లడానికి చోటుండదు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను పాఠశాల ఆవరణకు 50 మీటర్ల లోపల అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన పెట్టింది. మన గేటు ఎదుటి దుకాణదారులతో పాఠశాల కమిటీ మాట్లాడుతోంది. వాళ్లూ మన ఊరివాళ్లే, వాళ్ల పిల్లలూ ఇక్కడే చదువుతున్నారు. జామకాయలు, ఉడికించిన శనగలు, పల్లీ ఉండలు అమ్మితే కొనేది మనమే కావాలి కదా.

రాత్రిళ్లు చదవడానికి ఎనర్జీ డ్రింకులు తాగుతున్నారని పదో తరగతి పిల్లల ద్వారా తెలిసింది. ఆ డబ్బా మీదే పిల్లలకు తగదని రాసి ఉంటుంది. అందులోని కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. నిద్ర చెడుతుంది, గుండె దడ వస్తుంది, తెల్లవారాక ఆ దడనే పరీక్ష భయం అనుకుంటారు. చీకటి పడ్డాక టీ కూడా ఇవ్వకండి. పదిన్నరకు పడుకోబెట్టండి.

కొందరు అమ్మాయిలు లావవుతామన్న భయంతో మధ్యాహ్న భోజనం మానేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలపాటు సగం తిండే పెట్టి పరిశీలించారు. హాయిగా ఉండే మనుషులు చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు, రాత్రింబగళ్లు తిండి గురించే ఆలోచించారు. ఎదిగే వయసు పిల్ల కడుపు మాడ్చుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించండి. ఇంట్లో ఎవరూ ఆమె ఒళ్లు గురించి వ్యాఖ్యానించకండి, ప్రేమతో అన్నా సరే.

బడిలో నీళ్లు తాగని అమ్మాయిలు చాలామంది ఉన్నారు, మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని. నీళ్లు తగ్గితే తలనొప్పి, నీరసం, ధ్యాస చెదరడం తప్పవు. మరుగుదొడ్ల తలుపులు, కుళాయిలు బాగుచేయించాం. నీళ్ల గంట రోజుకు మూడుసార్లు కొడుతున్నాం. సీసా ఇచ్చి పంపండి.

వచ్చే సోమవారం నుంచి ఉదయం ప్రత్యేక తరగతి అరగంట ఆలస్యంగా మొదలవుతుంది, ఇంట్లో తిని రావడానికే ఆ అరగంట. తినకుండా వచ్చిన పిల్లలకు మొదటి పీరియడ్ అయ్యాక డబ్బా తెరుచుకునే సమయం ఇస్తాం. సాయంత్రం తరగతికి ముందు ఉడికించిన శనగలు లేదా పల్లీలు పెడతాం. పల్లీలు పడని పిల్లలుంటే ముందే చెప్పండి. ఇంట్లో పొద్దున వండే వీలే లేకపోతే, పనికి చీకటితోనే వెళ్లే వారు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి, మొహమాటం లేకుండా తరగతి ఉపాధ్యాయులకు చెప్పండి. ఆ మాట మూడో మనిషికి తెలియదు.

తిండి సరిగ్గా ఉన్నా పిల్ల మారడం లేదంటే అక్కడ ఆగిపోకండి. ఆకలి మనసును చెడగొట్టినట్టే, మనసులో బాధ ఉన్నా ఆకలి పోతుంది. ఇష్టమైన కూర వండినా ముట్టకపోవడం, రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోవడం, ఆటలకు, స్నేహితులకు దూరంగా ఉండడం, చచ్చిపోతానన్న మాట, వీటిని పరీక్షల ఒత్తిడి అని కొట్టిపారేయవద్దు. ఎవరైనా వేధిస్తున్నారేమో, ఇంట్లో గొడవలు చూసి భయపడుతోందేమో అడగండి. నాతో చెప్పండి. మనసు బాగాలేనివారికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం సందర్భంగా అందరికీ ఆల్బెండజోల్ మాత్ర ఇస్తాం. కొంకి పురుగులు పేగుల్లో రక్తం పీలుస్తాయి కాబట్టి ఎంత మంచి తిండి పెట్టినా అవి ఉన్నంతకాలం రక్తహీనత తగ్గదు. మాత్రను నమిలి మింగాలి. ఆ రోజు పిల్లలను తప్పకుండా పంపండి, జ్వరంగా ఉంటే మాత్రం చెప్పండి, తగ్గాక ఇస్తాం. అదే రోజు మధ్యాహ్నం మూడింటికి తల్లిదండ్రుల సమావేశం ఉంటుంది. ఆరోగ్య కేంద్రం సిబ్బంది కూడా వస్తారు. మీ సందేహాలు వారినే అడగవచ్చు.

ఇట్లు,
మీ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు