ఇఫ్ మీద ఇఫ్ పేర్చమని పిల్లలకు చెప్పకండి

సంపాదకులకు నమస్తే.

మీ చదువుల పేజీలో డేటాబేస్ పాఠాలు వేస్తున్నారు, సంతోషం. కానీ స్టోర్డ్ ప్రొసీజర్ల (డేటాబేస్‌లోనే దాచి నడిపే చిన్న ప్రోగ్రాముల) పాఠంలో రూల్ మారినప్పుడల్లా ఇంకో ఇఫ్ (‘ఇట్లా అయితే ఇది చెయ్యి’ అనే షరతు) కలుపుకుంటే సరిపోతుందన్నట్టు రాశారు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల లెక్కల సాఫ్ట్‌వేర్ చూసుకునేవాణ్ణి, ఆ ఇఫ్‌లు చివరికి ఎట్లా తయారవుతాయో నాకు తెలుసు.

వడ్లు కాంటా అయ్యాక బిల్లులో తరుగు తియ్యాలి. ఒక మిల్లు తేమ 17 శాతం దాటితేనే తీస్తుంది, ఇంకోటి తాలు, మట్టి కూడా కలిపి లెక్కేస్తుంది, మరొకాయన ఇవేవీ చూడకుండా బస్తాకింత అని కోసేస్తాడు (రైతుకు కడుపు మండేది ఇక్కడే, దాని మీద ఇంకో ఉత్తరం రాయాలి). రేటు కట్టడం, హమాలీ పట్టుకోవడం, రసీదు నంబరు వేయడం అందరికీ ఒకటే, మారేది ఆ ఒక్క లెక్క. జావాస్క్రిప్ట్, పైథాన్‌లలో అయితే ఆ లెక్కను ఫంక్షన్‌గా రాసి, అంకెనో పేరునో పంపినట్టే ఫంక్షన్‌నే పంపేస్తాం. జావాకు కూడా 2014లో లాంబ్డాలు (అట్లా పంపగలిగే పేరులేని ఫంక్షన్లు) వచ్చేశాయి. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ల ప్రొసీజర్ భాషల్లో మాత్రం ఫంక్షన్‌ను అట్లా వేరియబుల్‌లో పెట్టి పంపే వీలు లేదు.

అయినా దారి ఉంది. మిల్లుల టేబుల్‌లో తరుగు ఫంక్షన్ పేరుకు ఒక కాలమ్ పెట్టి, బిల్లు ప్రొసీజర్ ఆ పేరు చదివి డైనమిక్ ఎస్‌క్యూఎల్‌తో (కమాండ్‌ను నడిచేటప్పుడే కూర్చే పద్ధతితో) పిలిస్తే చాలు. కొత్త మిల్లు వస్తే కొత్త ఫంక్షన్ రాసి ఒక వరుస కలుపుతాం, పాత ప్రొసీజర్‌ను ముట్టుకోం. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇంకా సులువు, ఎగ్జెక్ కమాండ్ పక్కన వేరియబుల్ పెడితే అందులో పేరున్న ప్రొసీజర్ నడుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ప్రిపేర్ కమాండ్ వాడాలి, అది ప్రొసీజర్‌లో నడుస్తుంది గానీ స్టోర్డ్ ఫంక్షన్‌లో నడవదు.

చిక్కంతా ఆ పేరు దగ్గరే. మామూలు టెక్స్ట్‌గా పెడితే ఒక్క అక్షరం తప్పుపడినా ఎవరూ ఆపరు, సీజన్‌లో లారీలు బారులు తీరినప్పుడు బిల్లు ఆగిపోతుంది, ఇక అందరికీ టెన్షన్. పోస్ట్‌గ్రెస్‌లో ఆ కాలమ్‌ను రెగ్‌ప్రొసీజర్ టైపుగా (ఉన్న ఫంక్షన్‌నే చూపే రకంగా) పెడితే లేని ఫంక్షన్ పేరు ఎక్కించేటప్పుడే తిరగ్గొడుతుంది. అయితే ఆ తర్వాత ఎవరైనా ఫంక్షన్‌ను డ్రాప్ చేస్తే అది అడ్డుపడదు, పైగా అలాంటి కాలమ్ ఉంటే పీజీ అప్‌గ్రేడ్ (పోస్ట్‌గ్రెస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పనిముట్టు) ముందుకే పోదు. అందుకే నేను టెక్స్ట్‌గానే ఉంచి, ఆ పేరుతో ఫంక్షన్ ఉందో లేదో చెప్పే టు రెగ్‌ప్రొసీజర్‌తో సరిచూసే ట్రిగ్గర్ (వరుస ఎక్కేటప్పుడు తనంతట తానే నడిచే కోడ్) పెట్టుకుంటా.

ఇంకోటుంది. అసలైన ఫంక్షన్ వాల్యూ (జావాస్క్రిప్ట్‌లోలా వేరియబుల్‌లో పెట్టి పంపే ఫంక్షన్) తనకు కావలసిన అంకెలను తనతోనే మోసుకెళ్తుంది, కాలమ్‌లోని పేరుకు ఆ శక్తి లేదు. కాబట్టి తేమ పరిమితి, బస్తాకు కోత లాంటివి పక్కనే ఇంకో కాలమ్‌లో జేసన్‌గా (పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్‌గా) ఉంచి ఫంక్షన్‌కు అందించాలి. ఒరాకిల్‌లో ఆబ్జెక్ట్ టైప్ (అంకెలనూ వాటి లెక్కనూ కలిపి పెట్టే రకం) ఒకటి చేసి, దాని కింద మిల్లుకో రకం పెట్టి మెథడ్‌ను (దాని లెక్కను) ఓవర్‌రైడ్ చేస్తే, అంటే ఆ మిల్లుకు తగ్గట్టు మళ్లీ రాస్తే, అంకెలూ లెక్కా ఒకే చోట ఉంటాయి, నా లెక్కలో ఉన్నవాటిలో నిజమైన వాల్యూకు దగ్గరగా వచ్చేది అదే, కాకపోతే రాత పని ఎక్కువ.

మీ పాఠంలో ఇంకో ఉదాహరణ చూసి మాత్రం భయమేసింది. స్క్రీన్‌లో యూజర్ కొట్టిన పేరును నేరుగా ఎస్‌క్యూఎల్‌కు అతికించారు. అట్లా చేస్తే ఎవడో ఆ పేరు స్థానంలో తనకు కావలసిన కమాండ్ రాసి పంపిస్తాడు. పేరు మన టేబుల్‌లోంచే రావాలి, విలువలు యూజింగ్ (కమాండ్‌లో అతికించకుండా విడిగా అందించే మాట) ద్వారా పోవాలి. నల్లగొండ, సూర్యాపేట కాలేజీల పిల్లలు మీ పేజీ కత్తిరించి పెట్టుకుంటున్నారు, దయచేసి వచ్చే వారం ఆ ఉదాహరణను సవరించి వేయండి.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ