పెట్టుబడి పెట్టేవాళ్ళు నిన్ను ఏమడుగుతారంటే

విజయవాడ

ప్రియమైన మురళికి,

మిర్చి రైతుల కాయను తేమ లేకుండా ఆరబెట్టి, గ్రేడు చేసి అమ్మిపెట్టే మీ సంస్థకు పెట్టుబడి వెతుకుతుంటే, వచ్చినవాళ్ళు నిన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారని రాశావు. వాళ్ళు నీ మంచితనాన్ని శంకించడం లేదని నా నమ్మకం. లాభానికీ రైతు మేలుకీ పొసగని రోజున నువ్వు ఎటు మొగ్గుతావన్నదే వాళ్ళకు తెలియాలి.

ఆ బెరుకుకు మన దగ్గరే కారణం ఉంది. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు పేదలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల శాఖలను మూయించారు. 2010 ఆగస్టులో అలాంటి సంస్థే అయిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లకు జనం ఎగబడ్డారు. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేగానే ఇక్కడి వసూళ్ళు కుప్పకూలాయి. వాయిదాలు సక్రమంగా వస్తున్నాయని మురిసినవాళ్ళలో, ఒకే ఇంటిమీద ఎన్ని సంస్థల అప్పులున్నాయని అడిగినవాళ్ళు తక్కువేనని నేననుకుంటాను.

అందుకే ఇప్పుడు తెలివైన ఇన్వెస్టరు నీ ప్రజెంటేషన్ చూసి ఊరుకోడు. నువ్వు లేని సమయంలో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళి, నీకు సరుకిచ్చిన రైతునూ, మరీ ముఖ్యంగా ఇవ్వడం మానేసిన రైతునూ, తూకం ఎలా ఉంది, డబ్బు ఎన్నాళ్ళకు చేతికొచ్చిందని అడుగుతాడు. ఆ మానేసినవాళ్ళ జాబితాను నువ్వే ముందుగా ఇవ్వు. మీ బావమరిది కోల్డ్ స్టోరేజీలో సరుకు పెడుతున్నావు కదా, ఆ అద్దె బయటి ధరతో పోలిస్తే ఎంతో కాగితం మీద చూపించు. వాళ్ళే కనిపెడితే, అది న్యాయమైన అద్దే అయినా, నీ మాట ఎవరూ వినరు. నీ జీతం, నీ సొంత డబ్బు ఎంత పెట్టావన్నదీ అంతే.

నమోదు సంగతి త్వరగా తేల్చుకో. కంపెనీల చట్టం 8వ సెక్షను కింద సేవ కోసం పెట్టే కంపెనీ లాభాలు పంచకూడదు కనుక లాభంలో వాటా కోరేవాడు అటు రాడు. ప్రైవేటు లిమిటెడ్ అయితే రైతుకిచ్చే వాటాను ఒప్పందంలోనే రాయించు, నోటిమాటగా వదలకు.

ఇంకొక సంగతి చూడు. షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2022లో నిబంధనలు తెచ్చిన, సమాజసేవ చేసే సంస్థలు డబ్బు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లాభాపేక్ష లేని సంస్థలు జారీచేసే ఒక రకం బాండ్లకు వడ్డీ రాదు, అసలూ తిరిగి రాదు. అయినా ఏటా ప్రభావ నివేదిక ఇచ్చి సోషల్ ఇంపాక్ట్ అసెసరు చేత మదింపు చేయించాల్సిందే. తిరిగి రాని డబ్బుకే ఇంత తనిఖీ ఉంటే, లాభం ఆశించేవాడు అడగడా?

గత ఏడాది ధర పడిపోయినప్పుడు రైతులకు ఎంత చెల్లించావో ఆ లెక్కలు నాకు పంపు. పెట్టుబడి పెట్టేవాళ్ళకు చూపే ముందు ఒకసారి నేను చూస్తాను. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
శ్రీనివాస్