మారేడుమిల్లి మీదుగా భద్రాచలం

అందరికీ నమస్తే. నేనూ మా ఆవిడా రాజమండ్రి నుంచి కారులో భద్రాచలం చేరుకున్నాం. రంపచోడవరం దాకా మామూలు రోడ్డే. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఘాట్ మొదలవుతుంది, అసలు అందమంతా అక్కడే. వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి, మలుపు మలుపుకీ హారన్ కొట్టాల్సిందే.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ తప్పక తినండి. మన ముందే బొంగు చీల్చి, పొగలు కక్కే ముక్కల్ని ఆకులో వేస్తారు. నూనె చుక్క ఉండదు, ఎంత రుచో!

చింతూరు నుంచి కూనవరం మీదుగా వెళ్లండి. శబరి గోదావరిలో కలిసేది అక్కడే. మా ఆవిడ ఎంతసేపటికీ అక్కణ్ణుంచి కదలనంది.

వరదల్లో మాత్రం ఇటు రావద్దు. గోదావరి పోటెత్తితే శబరి ఎగదన్ని చింతూరు చుట్టుపక్కల రోడ్లు మునిగిపోతాయి. చీకటి పడకముందే ఘాట్ దిగేయండి, ఇంట్లోవాళ్లకి టెన్షన్ ఉండదు.