రొయ్యల చెరువు పెట్టెకి ఏ సైట్ మేలు?

ఒంగోలు

రేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. ఇంటర్న్‌షిప్ ఫారంలో పోర్ట్‌ఫోలియో (మనం చేసిన పనులు చూపించే సైటు) లింక్ అడిగితే అంత టెన్షన్ ఏందిరా! విక్సా, వర్డ్‌ప్రెస్సా, బిహాన్సా, గూగుల్ సైట్సా అని పేర్లన్నీ ఏకరువు పెట్టావు గానీ, అందులో ఏం పెడతావో ఒక్క ముక్క చెప్పలేదు. అది తేలితే సైటు సంగతి సగం తేలినట్టే.

నీ దగ్గరున్న అసలు సరుకు ఇందుకూరుపేటలో మీ చిన్నాన్న చెరువు గట్టు మీద పెట్టిన, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ఆ పెట్టె. దాని కోడ్, వైరింగ్ ఫొటోలు, రాత్రంతా తీసిన రీడింగులు. కోడ్ చూపించాల్సినవాడికి గిట్‌హబ్ పేజెస్‌ని మించింది లేదని నా లెక్క. గిట్‌హబ్‌లో కోడ్ దాచుకుంటాం కదా, అక్కడి ఫైళ్లనే సైటుగా చూపించేది ఇది. రూపాయి కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు. సైటు 1 జీబీ దాటకూడదంటారు, నీ పెట్టెకి అందులో ఒక మూల కూడా నిండదు.

ఉచిత అకౌంట్‌లో అయితే రిపాజిటరీ, అంటే నీ ఫైళ్లుండే ఫోల్డర్, పబ్లిక్‌గా ఉండాలి. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పెట్టెలోని ఈఎస్‌పీ32 వైఫై బోర్డుకి రాసిన కోడ్ మొదట్లోనే చెరువు షెడ్డు వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి కదా. ఒకసారి ఎక్కించాక ఆ లైన్ చెరిపేసినా పాత కమిట్లలో, అంటే గిట్ దాచి ఉంచే పాత కాపీల్లో, అట్టాగే ఉంటుంది, ఎవడైనా తవ్వి చూడొచ్చు. ముందే వాటిని వేరే ఫైల్లోకి మార్చి, ఆ ఫైలు పేరు గిట్‌ఇగ్నోర్‌లో (ఎక్కించకుండా వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) రాసెయ్. ఇప్పటికే ఎక్కించేసి ఉంటే మాత్రం వైఫై పాస్‌వర్డే మార్చెయ్, వేరే మందు లేదు.

విక్స్‌లో చేస్తే చూడ్డానికి భలే ఉంటుంది, ఒప్పుకుంటా. ఉచిత ప్లాన్‌లో వాళ్ల ప్రకటన పట్టీ వచ్చి కూర్చుంటుంది, అదీ సర్దుకోవచ్చు. కానీ అక్కడ కట్టిన సైటుని ఎత్తుకుని ఇంకో చోటికి పోలేవు. అద్దె ఇంట్లో మన డబ్బుతో వేయించిన ఫాల్స్ సీలింగ్ లాంటిది, ఖాళీ చేసేటప్పుడు వదిలేసి రావాల్సిందే. జియోసిటీస్ అని ఒకటుండేది, జనం ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునేవాళ్లు. 1999లో యాహూ దాన్ని కొని, 2009లో మూసేసింది. గిట్‌హబ్ మాత్రం మూతపడదా అంటావు. పడనీ. ఫోల్డర్ మొత్తం నీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, తీసుకెళ్లి ఇంకో చోట పెట్టుకుంటావు.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో నీ రాతలు ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు గానీ, ఉచిత ప్లాన్‌లో ప్రకటనల గోల. బిహాన్స్ అడోబ్ వాళ్లది, బొమ్మలూ ఫొటోలూ చూపించేవాళ్లకి బాగుంటుంది. మీ చెల్లెలు ఉదయగిరి చెక్క గరిటెల ఫొటోలు తీసింది కదా, దానికి చెప్పు. గిట్ నేర్చుకునే ఓపిక నీకు అస్సలు లేకపోతే గూగుల్ సైట్స్, ఒక్క సాయంత్రంలో అయిపోద్ది. కాలేజీ మెయిల్‌తో మాత్రం చేయమాక. మా సీనియర్ ఒకామె అట్టాగే చేసింది. పాసై బయటికొచ్చాక కాలేజీ వాళ్లు మెయిల్ తీసేస్తే దాంతోపాటు సైటూ పోయింది.

ఇంకోటి, పేజీ మొదలుపెట్టడమే సెన్సర్లూ బోర్డులూ అని మొదలుపెట్టొద్దు. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి నీళ్లలో నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా అదీ రొయ్యలూ కలిసి ఉన్నది వాడేస్తాయి. అందుకే తెల్లవారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది, మీ చిన్నాన్న నిద్ర మానుకుని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవాల్సి వస్తుంది. ముందు ఇది రాయి. కిందనే గ్రాఫ్ పెట్టు. గీత కిందికి జారిన చోట ఒక బాణం, ఏరియేటర్ వేశాక పైకి లేచిన చోట ఇంకో బాణం. మీ చిన్నాన్న లుంగీ ఎగ్గట్టి సెన్సర్‌కి పట్టిన పాచిని పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతున్న ఫొటో ఉంది చూడు, ఆయన్ని అడిగి అది కచ్చితంగా పెట్టు. ల్యాబ్‌లో టై కట్టుకుని దిగిన ఫొటో నాకొద్దు, వాళ్లకీ అక్కర్లేదు.

ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. పేజీ తెరిచేవాళ్లు కూడా ఫోన్‌లోనే తెరుస్తారు, అంత బరువైతే తిరుగుతూనే ఉంటుంది. స్క్వూష్ అని గూగుల్ వాళ్ల ఉచిత టూల్ ఉంది, అందులో వేసి 300 కేబీ లోపుకి తగ్గించు. ఫొటోలో లొకేషన్ దాగి ఉంటే అదీ తీసెయ్, చెరువు ఎక్కడుందో లోకమంతా తెలియాల్సిన పని లేదు. ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ కూడా వద్దు, మెయిల్ ఒక్కటి చాలు.

వచ్చే ఆదివారం పినాకినిలో నెల్లూరు వస్తున్నా, ఇద్దరం కూర్చుని పూర్తి చేసేద్దాం. ల్యాప్‌టాప్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసి ఉంచు, అక్కడికొచ్చాక డౌన్‌లోడ్ గీత చూస్తూ కూర్చోలేను. చేపల పులుసు మామిడికాయ వేసి శనివారం రాత్రే కాచి పెట్టమని అమ్మకి చెప్పు, మర్నాటికైతేనే ముక్కకి పులుపు పడుతుంది.

నీ
మామ