పిడుదు జ్వరాలను బెంగళూరులో కూడా వెతకండి: కర్ణాటక ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాశానంటే, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు రేకుల షెడ్లలో ఉండి అపార్ట్‌మెంట్లు కడుతున్నవాళ్లలో అనంతపురం, కర్నూలు, మదనపల్లె వైపు మనుషులు చాలామంది ఉన్నారు. ఈ సంగతి వాళ్లకూ తెలియాలి.

కుక్కలు, పశువుల ఒంటిని పట్టుకుని రక్తం తాగే పిడుదు మీ శాఖకు కొత్త కాదు. 1957లో శివమొగ్గ జిల్లాలో కోతులు చచ్చిపోతుంటే బయటపడిన క్యాసనూరు అడవి జబ్బు పిడుదుల వల్లే వస్తుంది, దానికోసం మలెనాడు కొండ ప్రాంతంలో ఇప్పటికీ నిఘా పెడతారు. అడవికి వెళ్లేవాళ్లకు ఒంటికి రాసుకోవడానికి డెపా నూనె పంచుతారు. కానీ అది వైరస్. నేను రాస్తున్నది పిడుదులు మోసే బాక్టీరియా గురించి, అదీ నగరంలో. రికెట్సియా అనే బాక్టీరియాలో ఒక రకం ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం తెస్తుంది. దాన్ని మోసేది వీధికుక్క చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో కనిపించే మామూలు పిడుదే. కొన్ని ఊళ్లలో గోమారు అంటారు.

ఈ పురుగు బతుకంతా కుక్క మీదే గడవదు. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కాస్త ఎదిగాక ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి రక్తం తాగుతుంది. కడుపు నిండిన ప్రతిసారీ కిందికి రాలి గోడ పగుళ్లలోనో, ఇటుకల కుప్పలోనో దూరుతుంది. ఆడది వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. రికెట్సియా తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి వెళ్తుంది. అందుకని కుక్కకు ఏ జబ్బూ లేకపోయినా బాక్టీరియా పిడుదుల్లోనే తరతరాలుగా ఉండిపోగలదు. పైగా పెద్ద పిడుదు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. ఎండలు ముదిరితే ఇది మనుషులను కుట్టడం పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది.

ఇది చదివి కుక్కలను పట్టుకుపొమ్మనేవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. కుక్క పోయినా గోడ పగుళ్లలోని పిడుదు పోదు. అది ఆకలితో ఉంటుంది, పక్కన మనిషి ఉంటాడు, అంతే.

జబ్బు మొదట్లో ఏ జ్వరంలాగైనా ఉంటుంది: తలనొప్పి, ఒళ్లు నొప్పులు, కొన్నాళ్లకు దద్దుర్లు. అరచేతులకు, అరికాళ్లకు కూడా దద్దుర్లు వస్తే అనుమానించాలి, కానీ మన ఒంటి రంగు మీద అవి తేలిగ్గా కనిపించవు. కుట్టినప్పుడు నొప్పి ఉండదు కాబట్టి రోగికి గుర్తుండదు. మొదటి వారంలో రక్తపరీక్ష చాలాసార్లు నెగెటివ్ వస్తుంది. వైల్-ఫెలిక్స్ అనే పాత పరీక్షకు చాలా కేసులు దొరకవు. జ్వరం తగ్గకపోతే మామూలుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఈ బాక్టీరియా మీద పనిచేయవు. పనిచేసేది డాక్సీసైక్లిన్, చాలా చవకైన మందు. అనుమానం ఉంటే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టమని 2015లోనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చెప్పాయి.

నిరుడు మా వీధి చివర ఉండే మేస్త్రీ ఒకాయన డెంగీ పరీక్షలకూ టైఫాయిడ్ పరీక్షలకూ కూలి డబ్బులన్నీ పోసి, జ్వరం తగ్గక హిందూపురం బస్సెక్కాడు. అక్కడి డాక్టరు అరచేతులు తిప్పి చూసి డాక్సీసైక్లిన్ ఇస్తే రెండు రోజుల్లో జ్వరం దిగింది. అది ఏ జబ్బో ఏ కాగితం మీదా లేదు. ఇక్కడి లెక్కలోకి రాలేదు, అక్కడి లెక్కలోకీ రాలేదు.

ఇదే ఊళ్లో పెంపుడు కుక్కకు జ్వరమొస్తే పశువైద్యుడు ముందుగా అడిగేది పిడుదుల గురించే. కుక్కల టిక్ ఫీవర్ వేరే సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, నిజమే. కానీ పురుగు అదే, చాలాసార్లు మందూ అదే. మనుషుల క్లినిక్‌లో ఆ ప్రశ్న ఎందుకు రాదు? మీ ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్ చీటీ మీద ‘ఇంటి దగ్గర కుక్కలు, మేకలు ఉన్నాయా, పిడుదు కుట్టిందా’ అన్న ఒక్క గడి పెట్టడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. ఐదు రోజులు దాటిన జ్వరానికి రికెట్సియాను పట్టే ఐజీఎం ఎలైజా రక్తపరీక్ష ఉచితంగా చేయించండి.

ఇక కుక్కల సంగతి. 2023 లెక్క ప్రకారం నగరంలో సుమారు 2.79 లక్షల వీధికుక్కలున్నాయి. సంతాన నియంత్రణ ఆపరేషన్‌కో, రేబిస్ టీకాకో వాటిని ఎలాగూ పట్టుకుంటున్నారు. అప్పుడే నాలుగు పిడుదులు తీసి సీసాలో వేసి పంపితే, ఏ పేటలో ఏ బాక్టీరియా తిరుగుతోందో తెలుస్తుంది. యలహంకలో పశువుల అంటువ్యాధులను చూసే జాతీయ సంస్థ నివేది ఉంది, హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది. పనిలో పనిగా పిడుదుల మందు కూడా వేయొచ్చు. అమెరికాలో ఆరిజోనా ఆదివాసీ ప్రాంతాల్లో కుక్క పిడుదుల వల్లే రికెట్సియా జ్వరం వ్యాపించినప్పుడు, కుక్కల మెడకు మందు పట్టీలు కట్టి, ఇళ్ల చుట్టూ మందు చల్లి పిడుదులను బాగా తగ్గించారు. ఇప్పుడు నగరం ఐదు కార్పొరేషన్లు అయింది కాబట్టి ఎవరికి వారు చేసుకునే పని కాదిది. పశుసంవర్ధక శాఖతో కలిసి మీరే ఒక ఉత్తర్వు ఇవ్వాలి.

చివరగా ఒక మాట. కుట్టిన తర్వాత జ్వరం రావడానికి వారం పైనే పట్టవచ్చు. ఆలోపు మావాళ్లు పండగకో పెళ్లికో సరిహద్దు దాటేస్తారు. అనంతపురం, శ్రీసత్యసాయి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాల వైద్యాధికారులతో ఈ జ్వరాల వివరాలు పంచుకునే ఏర్పాటు చేయమని ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖకు మీ వైపు నుంచి ఒక లేఖ వెళ్తే చాలు, మిగతాది వాళ్లను మేం అడుగుతాం.

ఇట్లు,
కె.ఆర్.పురం నివాసి ఒకరు